చెట్టు దిగినవాడికి భయం లేదు

నా తమ్ముడు యాదగిరి మిర్యాలగూడలో మా ఇంటికి వస్తే చెప్పులు విడవకముందే మాట మొదలుపెడతాడు. ఆ రోజు మాత్రం లోపలికి వచ్చి కుర్చీలో కూర్చుని, నేనిచ్చిన చాయ్ చల్లారేదాకా నోరు విప్పలేదు. వాడి వెనకే వాడి కొడుకు శ్రవణ్ వచ్చి గోడకు ఆనుకుని నిలబడ్డాడు. టీవీలో కబడ్డీ చూసేవాళ్లకు మా శ్రవణ్ తెలుసు. వాడు కూతకు వెళ్తే అవతలి జట్టు మొత్తం వెనక్కి జరిగేది. సూర్యాపేటలో వాడి నిలువెత్తు ఫ్లెక్సీ చాలాకాలం ఉండి, వానకు చిరిగి, చివరికి ఎవరి కొట్టం మీదికో పరదా అయిపోయింది. ఇప్పుడు బెయిలు మీద ఉన్నాడు. తాగి కారు నడిపి, కోదాడ ఇంకా కొంత దూరం ఉందనగా, దావీదు అనే తాపీ మేస్త్రీని గుద్ది చంపాడని కేసు. కేసు అన్నాను గానీ అది జరిగిన సంగతే. సాక్షుల జాబితాలో నా పేరు కూడా ఉంది.

"అక్కా, ఒక్కటే మాట," అన్నాడు యాదగిరి చివరికి. "ఆ దినం మనింట్ల పిలగాడు మజ్జిగ తాగిండు, అన్నం తిన్నడు, పోయిండు. గంతే చెప్పాలె. రిటైరైన టీచరమ్మవు, నీ మాట జడ్జి కాదనడు."

"నాకు వాసన వచ్చింది గదరా," అన్నాను.

"వాసన సూసి ఆపనీకి గదేమన్న తాటిచెట్టా అక్కా? కారు."

వాళ్లు వెళ్లిపోయాక చల్లారిన కప్పులు తీశాను. నా తమ్ముడు తెలియకుండానే మా ఇంటి గుట్టంతా ఒక్క మాటలో చెప్పేసి వెళ్లాడు. వాడిమీద కోపం వచ్చింది. అంతకంటే ఎక్కువ నామీద నాకు వచ్చింది, ఎందుకంటే ఆ రోజు గేటు దగ్గర నిలబడి నేను అనుకున్నదీ సరిగ్గా ఆ మాటే.

మాది చివ్వెంల దగ్గర ఒక పల్లె. గీతపని ఇల్లు. తాత లచ్చయ్య, నాయన, చిన్నాయన ముగ్గురూ కల్లుకోసం తాటిచెట్లు ఎక్కేవాళ్లు. ఇంటికి దారి అడగాల్సిన పని ఉండేది కాదు, ముక్కు ఉంటే చాలు. పులిసిన కల్లు వాసన, కల్లు పట్టే లొట్లను కడిగి బోర్లిస్తే వచ్చే తడిమట్టి వాసన, వాటికి తాటాకు మంట చూపినప్పుడు వచ్చే పొగ, చెమటకు నల్లబడిన మోకుల వాసన, అన్నీ కలిసి మా గోడల్లోకి ఇంకిపోయాయి. మోకు అంటే చెట్టునూ మనిషినీ కలిపి కట్టే తాడు. అది నడుము చుట్టూ ఉంటేనే గీత కార్మికుడు పైన రెండు చేతులూ వదిలి గెల గీయగలడు. మా ఇంట్లో దేవుడి పటాలు ఒక గోడకు ఉంటే, మోకులు మూడు చీలలకు ఇంకో గోడకు ఉండేవి. ఏ గోడకు ఎక్కువ దండాలు పెట్టేవాళ్లని అడిగితే నేను చెప్పలేను.

ఆ మోకులు మగవాళ్లు తమంతట తాము తీసుకోవడానికి వీల్లేదు. అది మా నాయనమ్మ ముత్తమ్మ చట్టం. పొద్దున తెల్లారేసరికి ఆమె ముఖం కడుక్కుని, నుదుట రూపాయి బిళ్లంత బొట్టు పెట్టుకుని, గడప మీద కూర్చునేది. తాత మొదట వచ్చి ఆమె ముందు వంగేవాడు. "నోరు తెర్వు," అనేది. తాత నోరు తెరిచి ఊపిరి వదిలేవాడు. ఆమె కళ్లు మూసుకుని వాసన చూసి, లేచి చీల మీది మోకు తీసి, దాన్ని వేళ్లతో అంగుళం అంగుళం తడిమి, అప్పుడు ఇచ్చేది. తరవాత నాయన. తరవాత చిన్నాయన. ఊళ్లో నలుగురి మధ్య మీసం మెలేసే మనుషులు, గడప దగ్గర మాత్రం బడిలో గోళ్లు చూపించే పిల్లల్లాగా ఆమె ముందు నోళ్లు తెరిచేవాళ్లు. నేను పక్కనే కూర్చుని బొగ్గుతో పళ్లు తోముకుంటూ ఇదంతా చూసేదాన్ని, అన్ని ఇళ్లలోనూ ఇలాగే చేస్తారనుకుని.

ఆమె పుట్టింట్లో ఎవరో తాగి చెట్టెక్కి పడిపోయారని అమ్మ ఒకసారి చెప్పింది. నాయనమ్మ మాత్రం ఎప్పుడూ ఆ ముచ్చట ఎత్తలేదు. ముక్కుతో చేసే పని నోటితో ఎందుకు చెప్పడమనుకుందేమో. ఒకసారి చిన్నాయన మఠంపల్లిలో ఎవరిదో పెళ్లికి వెళ్లి, పొద్దున బస్సు దిగి నేరుగా పనికి తయారైపోయాడు. నాయనమ్మ వాసన చూసింది. లేచింది. మోకు తీయలేదు, పొయ్యి దగ్గరికి వెళ్లి గంజి గిన్నె తెచ్చి ఆయన చేతిలో పెట్టింది.

"రాత్రి తాగిందే అమ్మా, ఎప్పుడో దిగిపోయింది," అన్నాడు చిన్నాయన.

"దిగితే నా ముక్కుకెట్ల తెలిసింది? గంజి తాగి పండుకో."

"చెట్లు కారిపోతయి. ఇయ్యాల గియ్యకపోతే గెల ఎండుతది."

"ఎండనీ. చెట్టు రేపు ఇంకో గెల ఏస్తది. నాకు ఇంకో కొడుకునిస్తదా?"

ఆ రోజు చిన్నాయన అరుగు మీద గోడవైపు తిరిగి పడుకుని అన్నం కూడా తినలేదు. ఆయన చెట్లు కూడా తాతే ఎక్కాడు, అరవై దాటిన మనిషి. దిగి వచ్చాక ఒక్క మాట అనలేదు కొడుకును. మా ఇంట్లో ఆ చట్టానికి ఎదురు చెప్పడం ఉండేది కాదు, దెప్పడమూ ఉండేది కాదు. ఇన్నేళ్లు బడిలో పనిచేశాను, ఎన్నో నిబంధనలు గోడల మీద రాయించాను, అంత శుభ్రంగా నడిచిన నిబంధన ఇంకొకటి చూడలేదు.

ఇదంతా చెప్పి ఇక్కడ ఆపేస్తే మా వాళ్లు మహానుభావులైపోతారు. ఆపను. పని ముగిసి ఆఖరి చెట్టు దిగాక తాత మోకు తెచ్చి నాయనమ్మకు అప్పగించి, కాళ్లు కడుక్కుని, వాకిట్లో మంచం వాల్చుకుని, "ఇగ చెట్టు దిగినోనికి భయం లేదు," అనేవాడు. అక్కడినుంచి ఇంకో లోకం. తాటాకు రేకలో కల్లు, పక్కన ఉడికించిన శనగ గుడాలు, వచ్చేపోయేవాళ్ల కబుర్లు. పెద్దవాళ్లు తాగేవాళ్లు, చుట్టాలు తాగేవాళ్లు, జ్వరం తగ్గిన పిల్లలకు కూడా ఒక గుక్క పట్టించేవాళ్లు. నేల మీద ఎంత తాగినా ఎవరూ ఎవరి నోరూ వాసన చూసేవాళ్లు కాదు. నేల మీద పడితే ఏమవుతుంది, మోకాలు గీరుకుంటుంది.

అలా తాగి ఒకసారి చిన్నాయన సైకిలుతో సహా కాలువలో పడ్డాడు. ఆ కథ మా ఇంట్లో ప్రతి పెళ్లికీ ప్రతి చావుకూ చెప్పుకునేవాళ్లం. ఆయన నీళ్లలో కూర్చుని గంట కొడుతూ "పక్కకు జరుగుండ్రి" అని చేపలను అదిలించాడట. పడేముందు ఎదురుగా గడ్డిమోపుతో వస్తున్న ఒక ముసలామెను తగలబోయి వెంట్రుకవాసిలో తప్పిందని కథలో ఒక ముక్క ఉండేది. ఆ ముక్క దగ్గరే అందరం ఎక్కువ నవ్వేవాళ్లం. నేనూ నవ్వాను. ఆ ముసలామె ఎవరో, ఆ తరవాత ఆ దారిన నడవడానికి భయపడిందో లేదో ఎవరమూ అడగలేదు. అరవై ఏళ్లు దగ్గరపడ్డాక ఇప్పుడు అడుగుతున్నాను, అదీ నా ఇంట్లో నిప్పు పడ్డాక.

నేను సూర్యాపేట హైస్కూలుకు బస్సులో వెళ్లేదాన్ని. బస్సులో పక్క పిల్ల ముక్కు మూసుకుని "కల్లు కంపు కొడ్తున్నవ్" అన్న రోజునుంచి రోజూ రెండుసార్లు సబ్బు రుద్దుకునేదాన్ని. బట్టలు ఇంట్లో కాకుండా పక్కింటి దండెం మీద ఆరవేసుకునేదాన్ని. చదివి టీచరునై మిర్యాలగూడ చేరాక, ఆ వాసన ఎక్కడ తగిలినా తెలియనట్టు ఉండడం నేర్చుకున్నాను. పెళ్లిళ్లలో, బస్సుల్లో, చివరికి బడి మీటింగుల్లో కూడా పక్కవాడు తాగి వచ్చాడని నాకు అందరికంటే ముందు తెలిసేది, అందరికంటే ముందు నేనే ముఖం తిప్పుకునేదాన్ని. నాయనమ్మ ముక్కు నాకు వచ్చింది. ఆమె గడప మీద కూర్చునే ధైర్యం రాలేదు.

శ్రవణ్‌ను నేనే పెంచాను. వాళ్లమ్మ వాడి చిన్నప్పుడే పోతే యాదగిరి తెచ్చి నా దగ్గర వదిలాడు. పొద్దున్నే లేపి రెండు ఉడికించిన గుడ్లు, గ్లాసు పాలు ఇచ్చి గ్రౌండుకు పంపేదాన్ని. మోచేతులు చెక్కుకుని వస్తే పసుపు పెట్టేదాన్ని. వాడు పెద్ద జట్టుకు ఎంపికైన రోజు గేటు దగ్గరినుంచే "అత్తా" అని అరిచిన అరుపు ఇప్పటికీ నా చెవిలో ఉంది. ఆ అరుపు కోసం నేను ఏమైనా చేసేదాన్ని. అందుకే ఇది రాయడం కష్టంగా ఉంది.

ఆ ఏడు ఆటలు ముగించుకుని వాడు మా పల్లెకొస్తే, ఊరివాళ్లు బడి గ్రౌండులో సన్మానం చేశారు. శాలువాలు, దండలు, తరవాత యాదగిరి ఇంట్లో భోజనాలు. వేటకూర వండించాం. మాకు ఇంకా రెండు చెట్లు గీసే చుట్టం ఒకాయన ఉన్నాడు, ఆయన లొట్టెడు కల్లు పంపాడు. దోస్తులు సీసాలు తెచ్చారు. కల్లు మాత్రం నేనే వంచి ఇచ్చాను, మేనత్త చేతి మీదుగా అని అందరూ అంటే. మధ్యాహ్నం మూడింటికి వాడు కోదాడలో ఏదో దుకాణం ప్రారంభానికి పోవాలని లేచాడు. పిల్లలు కారు తాళంతో ఆడుకుంటున్నారని అంతకుముందే దాన్ని నా హ్యాండుబ్యాగులో వేసుకున్నాను. గేటు దగ్గరికి వచ్చి చెయ్యి చాపాడు. నవ్వాడు. గుప్పున వాసన వచ్చింది, కల్లుదీ సీసాదీ కలిపి. ఒక్క క్షణం నా చెయ్యి ఆగింది. ఇదేమన్నా చెట్టా, నేల మీదే కదా పోయేది అనుకున్నాను. ఇంతమంది ముందు వాడి పరువు తీయడం ఎందుకనుకున్నాను. "మెల్లగ పో బిడ్డా," అని తాళం ఇచ్చాను.

గంటలోపే అయిపోయింది. దావీదు పని ముగించుకుని మోపెడ్ మీద ఇంటికి పోతున్నాడు. వెనకే ఇంకో కారులో వస్తున్న దోస్తులు శ్రవణ్‌ను ఎక్కించుకుని హైదరాబాదు తీసుకెళ్లారు, మర్నాడు సాయంత్రం గానీ పోలీసుల ముందుకు రాలేదు. అప్పటికి రక్తంలో వెతకడానికి ఏమీ మిగల్లేదు. జట్టు వాడి ఒప్పందం రద్దు చేసింది, ఆటమీద వచ్చిన ఉద్యోగం సస్పెండైంది. కానీ తాగాడని చెప్పే మనిషి కావాలి. దోస్తులు, భోజనానికి వచ్చిన చుట్టాలు తాము చూడలేదన్నారు. మిగిలింది నేను. యాదగిరి ఫోను చేసినప్పుడల్లా, "సచ్చినోడు ఎట్లాగూ రాడు. బతికినోన్ని గూడ సంపుతవా అక్కా? కడుపు సింపుకుంటే కాళ్ల మీదనే పడ్తది," అనేవాడు. అడకత్తెరలో పోకచెక్కనయ్యాను. నిజం చెప్తే నేను పెంచిన పిల్లవాడు జైలుకు పోతాడు. చెప్పకపోతే ఏం పోతుందో నాకప్పటికి పూర్తిగా తెలియదు.

తెలుసుకుందామనే ఒక రోజు కోదాడ బస్సెక్కాను. ఊరి చివర రేకుల ఇల్లు, ముందు సగం కట్టి ఆపేసిన ఇటుక గోడ. దావీదు భార్య కరుణమ్మ బియ్యం చెరుగుతోంది. దాచిపెట్టి మాట్లాడడం నాకు చేతకాదు. నేనెవరినో చెప్పాను. ఆమె చేట కింద పెట్టి లోపలికి వెళ్లింది. ఇక బయటికి రాదేమో, వస్తే తిడుతుందేమో అనుకున్నాను. గ్లాసుతో నీళ్లు తెచ్చి ఇచ్చింది.

"తాగండి. ఎండన పడి వచ్చారు," అంది. నేను తాగేదాకా ఆగింది. "మా ఆయనే తప్పతాగి అడ్డమొచ్చి పడ్డాడని మీ వకీలు కోర్టులో చెప్పాడండి. ఆయన తాగుడు మానేసి పదకొండేళ్లు. చర్చి సంఘంలో అందరి ముందు నిలబడి మానేస్తానని చెప్పి మానేశాడు. ఇప్పుడు సంఘంలో నన్నెవరూ ఏమీ అనరు. కానీ ఓదార్చే తీరు మారిపోయింది. మీ అబ్బాయికి ఎన్నేళ్లు వేసినా నాకు ఆయన రాడండి. ఆయన మీద పెట్టిన ఆ మాట ఒక్కటి తీయించండి. మా పిల్ల స్కూల్లో ఆ మాట వినొచ్చింది."

ఆ మాట నాకు తెలియదు. మా తరఫు వకీలు ఏం చెప్తున్నాడో నేనెప్పుడూ అడగలేదు. బస్సులో తిరిగి వస్తూ ఏడ్చాను, పక్కన కూర్చున్నాయన కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు పాపం.

ఆ పాత ఇల్లు గొప్పదా, ఇప్పటి ఇల్లు చెడిపోయిందా అని సాక్ష్యానికి మిగిలిన నాలుగు రోజులూ తూచుకుంటూనే ఉన్నాను. నాయనమ్మ చట్టం గొప్పదే. కానీ అది మావాళ్లు చావకుండా మేము పెట్టుకున్న చట్టం. తాగి చెట్టెక్కినవాడు తానే పడతాడు, అందుకే మాకు అంత భయం. తాగి బండెక్కినవాడు సాధారణంగా పడడు, ఎదురొచ్చినవాడు పడతాడు. ఎదురొచ్చే మనిషి కోసం మా ఇంట్లో ఎన్నడూ ఏ చట్టమూ లేదు, ఆ గడ్డిమోపు ముసలామె రోజుల్లోనూ లేదు. అప్పుడు సైకిళ్లు గనక నవ్వుకుని బతికిపోయాం. ఇప్పుడు ఊరూరా కార్లు వచ్చాయి, మోకులు అటక ఎక్కాయి, ఆ నవ్వు మాత్రం అలాగే ఉంది. మంచి అలవాటును పోగొట్టుకున్నామని పెద్దవాళ్లం అంటుంటాం. దాన్ని చెట్టు దింపి రోడ్డు మీదికి తేవాల్సింది మేమే. చదువుకున్నదాన్ని, నేను తేవాల్సింది.

సూర్యాపేట కోర్టులో బోనెక్కి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. కల్లు నేనే పోశానని, సీసాలు కూడా తాగాడని, వాసన వచ్చినా తాళం నేనే ఇచ్చానని. శ్రవణ్ వకీలు లేచి, "అయితే తాగినవాడికి తాళం ఇచ్చిన మీదీ తప్పే కదమ్మా?" అన్నాడు. నన్ను తడబడేట్టు చేద్దామనుకున్నాడు. "ఔను, నాది కూడా," అన్నాను. శ్రవణ్ వైపు చూడలేకపోయాను. శిక్ష పడింది. దావీదు తాగి ఉన్నాడనడానికి ఆధారం లేదని తీర్పులో రాశారు. కరుణమ్మ ఆ కాగితం నకలు అడిగి తీసుకుని, మడిచి కొంగులో కట్టుకుని వెళ్లింది. యాదగిరి ఆ రోజునుంచి నాతో మాట్లాడలేదు. ఇప్పటికీ మాట్లాడడు. వేములపల్లిలో ఒక పెళ్లిలో ఎదురుపడితే విస్తరి వదిలి లేచిపోయాడు. నొప్పి తగ్గలేదు, తగ్గుతుందని నేను అనుకోవడమూ లేదు.

జైల్లో ములాఖత్‌కు నేను వెళ్తే శ్రవణ్ రెండుసార్లు బయటికి రానన్నాడు. మూడోసారి వచ్చాడు. చిక్కిపోయాడు. జాలీకి అవతల కూర్చున్నాడు.

"నీ మీద కోపం ఉండె అత్తా. ఇప్పుడు లేదని అబద్ధం చెప్ప," అన్నాడు. "గాని ఒకటి ఎవ్వరికి చెప్పలె. గా దినం నేను దిగిన. ఆయన దిక్కు సూడకుండనే దోస్తుల కారెక్కిండని అన్నరు గద, ఆయన దగ్గరికి పోయిన. ఆయనకు తెలివి ఉండె. నన్ను సూసి, 'ముందు ఆ బండి రోడ్డు మీదనుంచి తియ్యి బాబూ, ఇంకెవరన్నా వచ్చి గుద్దుకుంటారు' అన్నడు. నేను బండి లేపి పక్కకు పెట్టిన. తిరిగి సూసేసరికి ఆయన మాట్లాడుతలేడు. భయమైంది. దోస్తుల కారెక్కిన."

వాడే మళ్లీ అన్నాడు, "గా మాట ఆయన భార్యకు చెప్తవా?"

"చెప్ప," అన్నాను. "నేను చెప్పాల్సింది కోర్టుల చెప్పిన. ఇది నీది. నువ్వే రాయాలె."

టైమ్ అయిందని గార్డు పిలిచాడు. వాడు లేచి, ఒక అడుగు వేసి, ఆగి, వెనక్కి వచ్చాడు.

"ఉత్తరం మీద పేరు రాయాలె గద అత్తా. ఆమె పేరేంది?"

మూడేళ్లు కేసు నడిచింది. ప్రతి వాయిదాకూ ఆమె కోదాడ నుంచి వచ్చి, వాడికి పది అడుగుల దూరంలో కూర్చుని వెళ్లింది. కరుణమ్మ అని చెప్పాను. వాడు ఇంకోసారి చెప్పమన్నాడు.